సీటు ఇచ్చారు సరే, పడుకునే చోటేది?

పాలిటెక్నిక్ పూర్తి చేసి, ఈసెట్ రాసి, నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరబోతున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ర్యాంకు చూసుకున్నారు, కాలేజీ చూసుకున్నారు, బ్రాంచ్ చూసుకున్నారు. అలాట్‌మెంట్ లెటర్‌ని ఒకసారి మళ్లీ చదవండి. అందులో కాలేజీ పేరు ఉంది, బ్రాంచ్ ఉంది, రిపోర్ట్ చేయాల్సిన తేదీ ఉంది. ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో మాత్రం లేదు.

సిటీలో ఇల్లున్న వాళ్లకి ఇది సమస్యే కాదు. మనకి మాత్రం చదువంటేనే హాస్టల్. చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాల. తర్వాత పాడేరు, రంపచోడవరం లాంటి చోట్ల మన పిల్లల కోసం పెట్టిన గవర్నమెంట్ మోడల్ రెసిడెన్షియల్ పాలిటెక్నిక్‌లు. మూడేళ్లు తిండి, పడక, క్లాసు అన్నీ ఒక్క కాంపౌండ్‌లోనే. అలా చదివి డిప్లొమా తెచ్చుకున్న పిల్లని తీసుకెళ్లి విశాఖలోనో, కాకినాడలోనో, విజయనగరంలోనో దింపి, ఇక నీ తిప్పలు నువ్వు పడు అంటే ఏం చేస్తుంది?

అసలు ఇలా ఎందుకు జరుగుతోంది? చాలా హాస్టళ్లలో గదుల లెక్క రెండు జాబితాలతో నడుస్తది. ఒకటి, నిరుడు ఉండి ఈ ఏడాది కొనసాగే పిల్లలది. రెండోది, కొత్తగా వచ్చే ఫస్టియర్ వాళ్లది. ఈసెట్‌లో వచ్చిన వాళ్లు ఈ రెండింట్లోనూ ఉండరు. కాలేజీకి కొత్త, కానీ ఫస్టియర్ కాదు. సెకండియరే, కానీ పాత విద్యార్థి కాదు. వార్డెన్ దగ్గరికెళ్తే "ఖాళీల్లేవు, తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత ఎప్పుడొస్తదో ఎవరికీ తెలీదు.

మన సంఖ్య కూడా చిన్నది. ఏఐసీటీఈ నిబంధనల్లో లేటరల్ ఎంట్రీకి ఉన్న లెక్క, మంజూరైన సీట్లకు అదనంగా 10 శాతం. 60 సీట్ల బ్రాంచ్‌కి ఆరుగురు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ రిజర్వేషన్ 6 శాతం. ఆరుగురిలో 6 శాతం అంటే బ్రాంచ్‌కి ఒక మనిషి కూడా పూర్తిగా రాడు. ఇంతమందే కాబట్టి మనల్ని ఎవరూ లెక్కలో పెట్టుకోవట్లేదు. కానీ ఇంతమందే కాబట్టి మనకి చోటు చూపించడం కష్టమేమీ కాదు. కాలేజీకి నాలుగైదు మంచాలు పక్కన పెడితే చాలు.

"బస్సులో వచ్చి పోవచ్చు కదా" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడపిల్లలకి టికెట్ లేదు. మంచిదే, వాడుకోండి. కానీ టికెట్ లేనంత మాత్రాన దూరం తగ్గదు. పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్లు దాటుద్ది, మధ్యలో ఘాట్ రోడ్డు. రంపచోడవరం నుంచి రాజమండ్రికే యాభై కిలోమీటర్ల పైన. ఇవి మండల కేంద్రాల లెక్కలు. కొండ మీది ఊరి నుంచి ఆ సెంటర్‌కి రావడానికి ఆటోయో, నడకో అది వేరే. మగపిల్లలకి టికెట్ ఎలాగూ ఉంది, స్టూడెంట్ పాస్ ఇంత దూరానికి పనికిరాదు.

దీని దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడండి. బస్సు ఆలస్యమైతే మొదటి పీరియడ్ పోద్ది. సాయంత్రం ఆఖరి బస్సు కోసం ల్యాబ్ మధ్యలో లేవాలి. నెల తిరిగేసరికి హాజరు 75 శాతం కిందికి జారుద్ది. అప్పుడు పరీక్షకి అడ్డు, స్కాలర్‌షిప్‌కీ అడ్డు. ఏడాది చివర "బ్యాక్‌లాగ్‌లు పడ్డాయి, వీళ్లు చదవలేరు" అనే మాట. తెలివి తక్కువై కాదు, మంచం లేక ఫెయిలయ్యారని ఏ రిజిస్టర్‌లోనూ రాయరు.

ఇంకో దారి అద్దె గది. ఇల్లు చూపించే ముందు ఊరు అడుగుతారు, తర్వాత కులం అడుగుతారు. అవన్నీ దాటి గది దొరికినా స్కాలర్‌షిప్ అప్లికేషన్‌లో మీ పేరు పక్కన "డే స్కాలర్" అని పడుద్ది. ఇక్కడే మీరు తప్పకుండా తెలుసుకోవాల్సిన రూల్ ఒకటుంది.

ఎస్టీ విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1948-49 నుంచి ఉంది. ఆ కేంద్ర పథకం మార్గదర్శకాల్లో 2010లో సవరించిన రేట్ల ప్రకారం ఇంజనీరింగ్ లాంటి కోర్సులకి నెలకి హాస్టలర్‌కి 1,200 రూపాయలు, డే స్కాలర్‌కి 550. తేడా 650. పది నెలలకి 6,500. కాలేజీ తన హాస్టల్‌లో చోటు ఇవ్వలేకపోతే, విద్యార్థి ఉంటున్న చోటుని కాలేజీ హెడ్ తనిఖీ చేసి ఆమోదిస్తే, దాన్ని హాస్టల్‌గానే లెక్కించాలని అవే మార్గదర్శకాలు చెప్తున్నాయి. కనీసం ఐదుగురు విద్యార్థులు కలిసి అద్దెకి తీసుకుని ఉండాలి, మామూలుగా వంట కూడా కలిపే ఉండాలి. రాష్ట్రంలో డబ్బులిచ్చే పద్ధతి, పథకం పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతూ వచ్చాయి. అయినా ఈ రూల్ చూపించి అడిగే హక్కు మీకుంది.

కాబట్టి ఇలా చేయండి. రిపోర్ట్ చేసిన రోజే కాలేజీ హాస్టల్‌కి, ఆ ఊళ్లోని ఎస్టీ పోస్ట్‌మెట్రిక్ హాస్టల్‌కి రెండింటికీ దరఖాస్తు ఇవ్వండి. నోటితో అడిగి వచ్చేయొద్దు. కాపీ మీద సంతకం, తేదీ తీసుకోండి. ఖాళీ లేదంటే ఆ మాటే కాగితం మీద రాసివ్వమనండి. ఆ కాగితంతో ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి, ఐదుగురూ కలిసి ఉంటున్న గదికి ఆమోదం అడగండి. మీ బ్యాచ్‌లో ఐదుగురు లేకపోతే సీనియర్లని కలుపుకోండి. అక్కడా కదలకపోతే గ్రీవెన్స్ రోజు ఐటీడీఏ పీవోకి అర్జీ పెట్టండి. హాస్టల్‌లో మొత్తం ఎన్ని మంచాలు, ఈసెట్ ద్వారా వచ్చిన ఎస్టీలకి ఎన్నిచ్చారు అని సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

సీనియర్లకి ఒక మాట. ఇప్పటికే ఆ ఊళ్లో ఉన్న అన్నలు, అక్కలు కౌన్సెలింగ్ రోజుల్లో ఫోన్ ఎత్తండి. కొత్తగా వచ్చేవాళ్లకి వారం పది రోజులు మీ గదిలో చోటివ్వండి. ఆ పది రోజులు నిలబడితే పిల్లలు నిలబడతారు.

ప్రభుత్వాన్ని మనం అడిగేది పెద్ద కోరికేం కాదు. కాలేజీ సీటు అలాట్ చేసే కౌన్సెలింగ్‌లోనే హాస్టల్ సీటూ అలాట్ చేయాలి. ప్రతి హాస్టల్‌లో లేటరల్ ఎంట్రీ పిల్లల కోసం ముందే కొన్ని మంచాలు ఆపాలి. అవి ఇచ్చేదాకా ఆ పిల్లల్ని డే స్కాలర్ అని రాయకూడదు. షెడ్యూల్డ్ తెగల చదువుని ప్రత్యేక శ్రద్ధతో ముందుకు తీసుకెళ్లాలని రాజ్యాంగం 46వ అధికరణం చెప్తోంది. ఉండే చోటు చూపకుండా సీటు ఒక్కటే చేతిలో పెడితే ఆ శ్రద్ధ సగంలోనే ఆగిపోయినట్టు. మిగతా సగం అడిగి తీసుకుందాం.