ఇల్లు కొనేముందు దాని ఎత్తు తెలుసుకోండి

ఈమధ్య హ్యూస్టన్ నుంచి మన సంఘ బిడ్డ ఒకడు ఫోన్ చేశాడు. "పాస్టరు గారూ, ఇల్లు చూశాం. బాగుంది. చుట్టుపక్కల ఇళ్లకంటే ధర కూడా తక్కువే. ప్రార్థన చేయండి" అన్నాడు. ప్రార్థన చేశాక అడిగాను: "ఆ ఇంటికి ఎలివేషన్ సర్టిఫికెట్ ఉందా నాయనా?" కాసేపు మౌనం. "ఇప్పుడు అది అక్కర్లేదన్నారండి" అన్నాడు.

ఆ మాటలో సగమే నిజం. అమెరికాలో ఇల్లు కొంటున్న మన కుటుంబాలు మిగతా సగం కూడా తెలుసుకోవాలి.

అక్కడ మామూలు ఇంటి బీమా వరద నష్టాన్ని భరించదు. దానికి 1968 చట్టంతో మొదలైన జాతీయ వరద బీమా వేరుగా ఉంది. ఫెమా అనే ప్రభుత్వ సంస్థ దాన్ని నడుపుతుంది. ఎలివేషన్ సర్టిఫికెట్ అంటే లైసెన్సు ఉన్న సర్వేయరో, ఇంజినీరో, ఆర్కిటెక్టో ఇంటిని కొలిచి సంతకం చేసి ఇచ్చే పత్రం. అట్టడుగు అంతస్తు ఎంత ఎత్తులో ఉంది, గోడను ఆనుకున్న నేలలో అన్నిటికన్నా పల్లమైన చోటు ఎంత, ఏసీ యంత్రం, వాటర్ హీటర్ ఎక్కడున్నాయి అన్న వివరాలు ఫొటోలతో సహా అందులో ఉంటాయి. వాటిని ఆ ప్రాంతపు వరద మట్టంతో పోల్చి చూస్తారు.

ఆ మట్టాన్ని 'వందేళ్ల వరద' లెక్కతో గీస్తారు. ఆ పేరు విని మోసపోకండి. వందేళ్లకొకసారి వస్తుందని కాదు, ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని దాని అర్థం. 30 ఏళ్ల ఇంటి అప్పు తీరేలోపు కనీసం ఒకసారి వచ్చే అవకాశం నూటికి 26.

మరి అక్కర్లేదని ఎందుకన్నారు? 2021 అక్టోబరు నుంచి ఫెమా ప్రీమియం కట్టే పద్ధతి మార్చింది. సర్టిఫికెట్ లేకున్నా, తన దగ్గరున్న సమాచారంతోనే ఇంటి ఎత్తును అంచనా వేసి పాలసీ ఇస్తోంది. అయితే మీరు సర్టిఫికెట్ ఇస్తే, దానివల్ల ప్రీమియం తగ్గేటట్లయితే ఆ తక్కువ మొత్తమే తీసుకుంటారు. ఇచ్చినందుకు పెంచరు. ఇంటి చుట్టూ నేల వరద మట్టానికి సమంగానో, పైనో ఉందని తేలితే, ఆ ఇంటిని ప్రమాద ప్రాంతం నుంచి తొలగించమని ఫెమాకు ఉచితంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు వరద బీమా తప్పనిసరన్న ప్రభుత్వ నిబంధన ఉండదు, బ్యాంకు మాత్రం తనంతట తాను అడగవచ్చు. ఇక వరద ప్రాంతంలో కొత్తగా కట్టేవారిని స్థానిక అధికారులు ఈ పత్రం అడుగుతూనే ఉన్నారు.

ముందుగా అమ్మేవారిని అడగండి. తరువాత నగరంలోనో, కౌంటీలోనో వరద ప్రాంతాల వ్యవహారాలు చూసే కార్యాలయంలో పాత ప్రతి ఉందేమో వెతికించండి. లేకపోతే కొన్ని వందల డాలర్లతో సర్వేయరు కొలిచి ఇస్తాడు. ఇదంతా సంతకాలకు ముందే జరగాలి. ఇంటి అప్పుతోపాటు తీసుకుంటే తప్ప, కొత్త పాలసీ సాధారణంగా 30 రోజుల తరువాతే అమలులోకి వస్తుంది. మబ్బు పట్టాక కొనేది కాదు. పైగా 2017 నుంచి ఈ కార్యక్రమం కాంగ్రెసు ఇచ్చే తాత్కాలిక పొడిగింపులతోనే నడుస్తోంది.

ఒక హెచ్చరిక. పత్రం బాగున్నంత మాత్రాన భయం లేదనుకోవద్దు. 2017 ఆగస్టులో హార్వీ తుఫానుకు హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో మునిగిన ఇళ్లలో సగానికి పైగా వందేళ్ల వరద గీతకు బయటివే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మనమూ చూశాం, నీరు కాగితం చూసి రాదు. గీతకు బయట ఉన్నా బీమా తీసుకోవచ్చు. ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 వరకు వస్తుంది. సంఘం కొనే మందిరానికి, అందులోని సామానుకు చెరి 5,00,000 వరకు తీసుకోవచ్చు. పాత భవనం చౌకగా దొరికిందని సంబరపడే సంఘ పెద్దలు ఇది గుర్తుంచుకోవాలి. అది విధవరాలి కానుకతో సహా పోగైన సొమ్ము.

ఆ అబ్బాయి సర్వేయరుతో కొలిపించాడు. ఇంటి నేల వరద మట్టానికి అడుగున్నర కింద ఉంది. ధర ఎందుకు తక్కువో అప్పుడు తెలిసింది. ఆ ఇల్లు వదిలేశాడు.

రేపు మనమే అమ్మేవారం కావచ్చు. టెక్సాసులో ఇల్లు గతంలో మునిగిందా, వరద ప్రాంతంలో ఉందా అన్నది కొనేవారికి రాసివ్వాలన్న నియమం 2019 సెప్టెంబరు నుంచి గట్టిపడింది. చట్టం లేని చోటా మనకు అదే ధర్మం. ఎవరూ పడిపోకుండా మిద్దెకు పిట్టగోడ కట్టమన్న ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞ ఇంటివాడి కోసం ఇచ్చింది కాదు, ఆ ఇంటికి వచ్చే పొరుగువాడి కోసం ఇచ్చింది. మీ బీరువాలో ఉన్న ఆ సర్టిఫికెట్, అందులోని అంకె మీకు నష్టమే తెచ్చినా, కొనేవారి చేతిలో పెట్టండి.