పొద్దుతిరుగుడులో ఆకు నష్టాన్ని లెక్కించేదెలా?

పొద్దుతిరుగుడు చేను చూడబోయిన విస్తరణ శాస్త్రవేత్తకు రైతు తొలుత చూపేది చిల్లులు పడిన ఆకు. మనం నమోదు చేసుకొనేది కూడా అదే: ఆకు నష్టం ఇరవై శాతం, ముప్పై శాతం. మొక్క ఏ దశలో ఉంది, పోయిన ఆకులు కాండంపై ఏ భాగానివి అన్న వివరాలు ఆ నమోదులో చాలాసార్లు ఉండవు. అవి లేని శాతాన్ని నమ్మి పిచికారీకి సిఫారసు చేయడం, అనంతపురం వంటి కరవు ప్రాంతంలో రైతుకు అన్యాయం చేయడమేనని నా అభిప్రాయం.

వేరుశనగకు పూత వారాల తరబడి వస్తుంది. బెట్టకు ఒక విడత పోయినా తర్వాతి వానకు మరొక విడత ఊడలు దిగుతాయి. పొద్దుతిరుగుడు సంకర రకాలకు ఒకే కాండం, ఒకే పువ్వు. కాండం కొసన పూమొగ్గ రూపు దిద్దుకోవడం మొదలయ్యేసరికే మొక్కకు ఎన్ని ఆకులు రావాలో నిర్ణయమైపోతుంది. ఆ తర్వాత పోయిన ఆకుకు బదులు మరొకటి రాదు.

విత్తిన తొలి వారాలలో గొంగళి పురుగు కొంత ఆకు తిన్నా మొక్క చాలావరకు కోలుకుంటుంది. మొగ్గ దశ నుంచి ఆ వెసులుబాటు ఉండదు. పూతకు ముందు, పూత సమయంలో ఆకు పోతే నిండు గింజల సంఖ్య తగ్గుతుంది. పువ్వు నడిభాగం తాలుగా మిగులుతుంది. పూత ముగిశాక పోతే సంఖ్య చాలావరకు నిలిచినా గింజ బరువు, నూనె శాతం పడిపోతాయి. గింజకు ముందు పొట్టు ఏర్పడుతుంది. పప్పు నిండడం, నూనె చేరడం ఆ తర్వాతి పని. అందుకే ఆలస్యంగా ఆకు పోయిన చేనులో గింజ పైకి బాగానే కనిపిస్తుంది, చిదిమి చూస్తే పప్పు పలచగా ఉంటుంది. రైతుకు ధర తూకం మీదే కాబట్టి నూనె నష్టం అతని లెక్కలోకి రాదు. విత్తనోత్పత్తి క్షేత్రంలో మాత్రం అది మొలక బలం తగ్గడంగా బయటపడుతుంది.

ఆకులన్నీ సమానమూ కావు. గింజ నిండే వేళ పువ్వును పోషించేవి ప్రధానంగా పై, మధ్య ఆకులు. అనంతపురం సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఇక్కడి ఎర్ర నేలల్లో వాన మొహం చాటేస్తే కొద్ది రోజులకే కింది ఆకులు పండి రాలుతాయి. దీనిని తెగులుగా నమోదు చేసి మందు రాసిచ్చిన సందర్భాలను నేను చూశాను. నిజానికది మొక్క తన నీటి ఖర్చును తగ్గించుకొనే ఉపాయం. దానికి మందు లేదు. పంటకుంటలో ఒక్క తడికే నీరుంటే దానిని మొగ్గ, పూత దశలకు దాచుకోమని చెప్పడమే సరైన సలహా.

పూత దశలో మరో చిక్కు ఉంది. ఆకును కాపాడాలని పగటిపూట కొట్టిన పురుగుమందు తేనెటీగలను చంపుతుంది. పరాగ సంపర్కం తగ్గి పోయే గింజలు, పురుగు తిన్న ఆకుల వల్ల పోయే గింజలకంటే ఎక్కువ కావచ్చు. పిచికారీ తప్పనిసరైతే సాయంత్రం చేయించాలి.

నెక్రోసిస్ తెగులు సంగతి వేరు. మనకు సరిహద్దునే ఉన్న బాగేపల్లి ప్రాంతంలో 1997లో పొద్దుతిరుగుడుపై ఇది గుర్తింపునకు వచ్చింది. దీనికి కారణమైన టుబాకో స్ట్రీక్ వైరస్సే 2000 ఖరీఫ్‌లో జిల్లా వేరుశనగను రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతీసింది. ఇక్కడ ఎండిన ఆకుల శాతం లెక్కించి ప్రయోజనం లేదు. గట్లపై వయ్యారిభామను పూతకు రాకముందే పీకించడం, చేను చుట్టూ జొన్న గాని సజ్జ గాని వరుసలుగా వేయించడం విత్తే నాటికే జరగాలి.

అమెరికాలో వడగళ్ల నష్టం అంచనాకు పంట దశను, ఆకు నష్ట శాతాన్ని కలిపిన పట్టికలు వాడతారు. వాటిని యథాతథంగా తెచ్చుకోలేము. వాటి వెనుక ఉన్న నేలలు, వానలు మనవి కావు. రేకులకుంట వంటి పరిశోధనా స్థానంలో వర్షాధారంగా, కత్తెరతో ఆకులు తొలగించి దశల వారీగా చేసే ప్రయోగం ఒక స్నాతకోత్తర విద్యార్థికి రెండు ఖరీఫ్‌ల పని. కత్తెర ఒక్క పూటలో చేసేది పురుగు పది రోజుల్లో చేస్తుంది కనుక, పురుగులను వదిలిన మళ్లను కూడా పక్కన పెట్టుకోవాలి. అంతవరకు మన క్షేత్ర నమోదు పత్రంలో ‘పంట దశ’, ‘ఆకు స్థానం’ అని రెండు గళ్లు చేర్చుకొందాం. దానికి నిధులేమీ అక్కరలేదు.