రాక్షసుడి ఊళ్ళో సైకిలు సవారీ

పిల్లలూ,

మీలో సైకిలు తొక్కడం వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు. సైకిలు ఎక్కగానే మీకేం తోస్తుంది? ముందు పోయేవాణ్ణి దాటెయ్యాలనీ, చెవుల్లో గాలి హోరెత్తాలనీ తోస్తుంది. అవునా? అరవై దాటినా నాకు కూడా ఆ తొందర పోలేదు. జపాను దేశపు పల్లెల్లో ఒకరోజు అది ఎలా వదిలిందో, దానితోపాటు అంతకన్న చెడ్డ తొందర ఇంకొకటి ఎలా బయటపడిందో ఈ నెల చెబుతాను.

మా అమ్మాయీ, అల్లుడూ ఉద్యోగరీత్యా ఒసాకా నగరంలో ఉంటున్నారు. మే నెల మొదటి వారంలో అక్కడ వరసగా సెలవులు వస్తాయి. ఆ సెలవుల్లో నేనూ, అయిదో తరగతి చదివే మా మనమరాలూ కలిసి పల్లెసీమ చూడటానికి బయలుదేరాం. ఒకయామా అనే పట్నం దాకా పెద్ద రైల్లో పోయి, అక్కడ చిన్న రైలు ఎక్కి, సోజా అనే ఊళ్ళో దిగాం. ఆ ప్రాంతానికి పూర్వం కిబి అని పేరు. అక్కడ పొలాల మధ్యగా సైకిళ్ళ దారి ఒకటి ఉన్నది. సోజాలో సైకిలు అద్దెకు తీసుకుని, తూర్పుగా పదిహేను కిలోమీటర్ల పైచిలుకు పోతే బిజెన్ ఇచినోమియా అనే స్టేషను వస్తుంది. సైకిలు అక్కడ అప్పగించి రైలెక్కవచ్చు.

నేను లెక్కల మాస్టర్ని గదా! "గంటకు పది కిలోమీటర్ల చొప్పున తొక్కితే గంటన్నర. ఆగి చూడటానికి ఇంకొక గంటన్నర. తొమ్మిదింటికి బయలుదేరితే పన్నెండుకల్లా రైల్లో ఉంటాం," అని కాగితం మీద టైంటేబిలు వేశాను.

"ఇదేమన్నా బడా, తాతయ్యా?" అన్నది మనమరాలు.

ఇద్దరం హెల్మెట్లు పెట్టుకున్నాం. ఆ దేశంలో సైకిలు తొక్కే ప్రతివారూ హెల్మెట్ పెట్టుకోవాలని 2023 ఏప్రిల్ నుంచి చట్టం కోరుతున్నది. బళ్ళన్నీ మన దేశంలోలాగే ఎడమపక్కన పోతాయి. అందుచేత నాకు కొత్త అనిపించలేదు.

అర కిలోమీటరు పోయామో లేదో, వెనక కిర్రుమని బ్రేకు చప్పుడయింది. "తాతయ్యా, పూలు!" చుట్టూ వరి మళ్ళే, కాని వరి లేదు. మళ్ళ నిండా గులాబిరంగు పూలు, తివాసీ పరిచినట్టు ఉన్నాయి. దాని పేరు రెంగే. గట్టు మీద ఊడిపడి ఉన్న మొక్క ఒకటి తీసి వేళ్ళు చూపించాను. వేళ్ళకు ఆవగింజల్లాంటి బుడిపెలున్నాయి. వాటిలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు ఎరువుగా మార్చి ఇస్తాయి. పూలు అయిపోయాక మొక్కల్ని మట్టిలో కలిపి దున్ని వరి నాటుతారు. మన రైతులు జనుము, జీలుగ చల్లి దున్నేది ఇందుకే. "అయితే ఇవి పొలానికి అన్నం వండుతున్నాయన్నమాట!" అన్నది పిల్ల. నా కాగితంలో ఈ పాఠానికి చోటే లేదు.

పూల మళ్ళ అవతల అయిదంతస్తుల కొయ్య గోపురం కనిపించింది. అది బిచ్చూ కొకుబున్-జి అనే బౌద్ధాలయం. 741లో షోము చక్రవర్తి ఒక్కొక్క సీమలో ఒక్కొక్క ఆలయం కట్టించమని ఆజ్ఞాపించాడు. వాటిలో ఇది ఒకటి. సుమారు 34 మీటర్ల ఎత్తున్న ఇప్పటి గోపురం మాత్రం 19వ శతాబ్దంలో కట్టినది.

మధ్యాహ్నానికి మేము త్సుకురియామా అనే మట్టి దిబ్బ చేరాం. దిబ్బ అన్నానుగాని, చూస్తే చిన్న కొండ! పొడవు సుమారు 350 మీటర్లు. అయిదో శతాబ్దంలో మనుషులు మట్టి మోసి పోసిన సమాధి అది. జపానులో ఇలాంటి సమాధుల్లో పెద్దవాటిలో ఇది నాలుగోది. దీనికన్న పెద్దవి మూడూ చక్రవర్తుల సమాధులని లోపలికి పోనివ్వరు. దీని మీదికి మాత్రం ఎవరైనా ఎక్కవచ్చు. ఇందులో ఉన్నది ఏ రాజో ఎవరికీ తెలియదు. ఇంత మట్టి మోయించాడంటే సామాన్యుడు కాడు!

పైన కూర్చుని అన్నం మూటలు విప్పాం. ఉత్తరాన వరసగా కొండలు కనిపిస్తున్నాయి. స్టేషనులో ఇచ్చిన పుస్తకం చదివి మనమరాలు నాకు తెలుగులో కథ చెప్పింది.

పూర్వం ఆ కొండల మీద ఉరా అనే రాక్షసుడు కోట కట్టుకుని ఊళ్ళు దోచేవాడట. పట్టుబడ్డవాళ్ళను పెద్ద ఇనప అండాలో వేసి ఉడికించేవాడట. వాణ్ణి చంపమని చక్రవర్తి కిబిత్సుహికో అనే రాకుమారుణ్ణి పంపాడు. రాకుమారుడు బాణం వేస్తే ఉరా కొండరాయి విసిరేవాడు. రెండూ ఆకాశంలో ఢీకొని కింద పడిపోయేవి. చివరకు రాకుమారుడు ఒకేసారి రెండు బాణాలు వేశాడు. ఒకటి రాయికి తగిలింది, రెండోది ఉరా ఎడమ కంట్లో దిగింది. కారిన నెత్తురు ఏరై పారింది. ఉరా కోయి చేపగా మారి ఏట్లోకి దూకాడు. రాకుమారుడు నీటికాకిగా మారి, తరిమి పట్టుకున్నాడు.

కోయి అంటే మన బొచ్చె చేపకు చుట్టం. మే 5 అక్కడ పిల్లల పండుగ. మగపిల్లలున్న ఇళ్ళవాళ్ళు గుడ్డతో కుట్టిన కోయి చేపల్ని గడలకు కట్టి ఎగరేస్తారు. దారి పొడుగునా అవి గాలికి ఈదుతూనే ఉన్నాయి. మొమొతారో అనే బాలవీరుడు కుక్కనూ, కోతినీ, నెమలిజాతి పక్షినీ వెంటబెట్టుకుని రాక్షసుల్ని జయించిన కథ జపానులో ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆ కథకు ఈ కథే మూలమని ఒకయామావాసులు చెబుతారు.

కథ ముగించి మనమరాలు, "మరి ఉరా ఏం చెప్పాడు, తాతయ్యా?" అని అడిగింది.

"ఎవరితో?"

"ఎవరితోనైనా సరే. వాడి గురించి అందరూ చెబుతున్నారు. వాడు చెప్పినది ఒక్క మాటా లేదే!"

నాకు జవాబు తోచలేదు. సైకిళ్ళెక్కాం. ఈసారి నేనే నెమ్మదిగా తొక్కాను.

అషిమొరి అనే ఏటి వంతెన మీద ఆగాం. కొండల నుంచి వచ్చి ఈ ఏట్లో కలిసే ఒక వాగు పేరుకు "రక్తం పీల్చిన వాగు" అని అర్థం. ఉరా నెత్తురు పారింది అందులోనేనట. ఐతే ఆ కొండల దగ్గర ఆరో శతాబ్దంలోనే ఇనుము కరిగించేవారు. ఆనాటి కొలుములు తవ్వకాల్లో బయటపడ్డాయి. వానకు తడిసిన సైకిలు గొలుసు మర్నాటికి ఏ రంగు తిరుగుతుందో మీకు తెలుసు. ఇనుమున్న నేల మీద పారే నీరు కూడా అలాగే ఎర్రబడుతుంది. ఉరా కొరియాలోని బెక్జే రాజ్యపు రాకుమారుడనీ, ఇక్కడివారికి ఇనుము పని నేర్పినవాడనీ చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. ఇక కోట మాటంటారా? కొండ మీద పాత కోట నిజంగానే ఉన్నది. కాని 663లో కొరియా తీరాన యుద్ధంలో ఓడిన తరువాత, శత్రువులు దండెత్తి వస్తారన్న భయంతో జపాను ప్రభువులే దాన్ని కట్టించి ఉంటారని పండితుల అభిప్రాయం.

చివరి మజిలీ కిబిత్సు ఆలయం. 1425లో కట్టిన పెద్ద మందిరమూ, కొండవాలు వెంట దిగే పొడుగాటి కొయ్య వసారా ఎంతో బాగున్నాయి. వసారా పక్కన ఒక వంటశాల ఉన్నది. అందులో పొయ్యి మీద అండా, దాని కింద భూమిలో ఉరా తల ఉన్నవని ఐతిహ్యం. నరికిన తల ఏళ్ళ తరబడి అరుస్తూనే ఉన్నదట. చివరకు ఉరా కలలో కనిపించి, "నా భార్య చేత ఈ పొయ్యి మీద వండించండి. రాబోయే మంచిచెడ్డలు అండా మోతతో చెబుతాను," అన్నాడట. ఇప్పటికీ మొక్కుకున్నవారి కోసం అక్కడ నీళ్ళు మరిగించి, ఆవిరిలో బియ్యం ఆడిస్తారు. అండా గుమ్మని మోగుతుంది. ఆ మోత మంచిదో చెడ్డదో పూజారి చెప్పడు. విన్నవాడే తన మనసుతో తేల్చుకోవాలి.

"అయితే ఇప్పుడు వాడి మాట వింటున్నారన్నమాట!" అన్నది మనమరాలు.

పిల్లలూ, ఆ మాటతో నాకు ఒక కుర్రవాడు గుర్తుకొచ్చాడు. నేను పనిచేసిన ఒక బడిలో వాణ్ణి అందరూ "రాక్షసుడు" అనేవారు. ఒకరోజు మాస్టర్ల సైకిళ్ళన్నిటికీ ఎవరో గాలి తీసేశారు. వాడి చేతిలో గాలిపంపు చూసి, నలుగురి మాటా నమ్మి, వాణ్ణి ఎండలో నిలబెట్టాను. వాడి మాట అడగలేదు. వాడు సైకిళ్ళకు గాలి కొడుతున్నాడని తరువాత తెలిసింది. అప్పటికి వాడు బడి మానేశాడు. ఇన్నేళ్ళయినా వాడికి క్షమాపణ చెప్పుకోలేకపోయాను.

ఇచినోమియాలో సైకిళ్ళు అప్పగించేసరికి సాయంత్రం నాలుగయింది. లెక్క వేసి చూశాను: ఏడు గంటలకు పదిహేను కిలోమీటర్లు, అంటే గంటకు రెండు కిలోమీటర్ల పైచిలుకు! నడిచేవాడైనా మమ్మల్ని దాటిపోయేవాడే. కాని టైంటేబిలు ప్రకారం పోయి ఉంటే నేను చూసేది ఒక గోపురమూ, ఒక దిబ్బా, ఒక గుడీ. అంతే.

ఈ నెల మీకొక చిన్న పని. మీ తరగతిలోనో, వీధిలోనో అందరూ చెడ్డవాడనే పిల్లవాడు ఎవరైనా ఉన్నాడా? ఒకసారి వాడి పక్కన నెమ్మదిగా సైకిలు తొక్కుతూ పోయి, వాడు చెప్పేది వినండి. వాడిది తప్పే కావచ్చు, కాకపోనూవచ్చు. విన్న తరువాత మీరే తేల్చుకోండి.

ఈ పని తల్లిదండ్రులకు కూడా. మాస్టర్లకైతే మరీను.