జొన్నగిరి దారిలో

తొలకరి పడగానే కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి గ్రామాల పొలాలకు జనం తరలివస్తారు. వాననీటికి పైమట్టి కొట్టుకుపోయి అడుగున ఉన్న రాళ్ళు కడిగినట్లు బయటపడతాయి. వాటి నడుమ ఒక వజ్రమైనా కంటపడకపోదా అన్న ఆశతో స్త్రీలు, పురుషులు, పిల్లలు తల వంచుకొని గట్ల వెంట నడుస్తూ ఉంటారు. అదే నేల అడుగున, రాతి పొరల్లో బంగారం కూడా ఉన్నది. గత జూన్ మాసంలో మేము కూడా ఆ దారి పట్టాము.

మా నివాసం గడ్డిఅన్నారం. మా బావగారు ఇక్కడి పండ్ల మార్కెట్టులో ఒక కమీషన్ వ్యాపారి వద్ద ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు వ్రాశారు. 2021లో మార్కెట్టు బాటసింగారానికి తరలిపోయింది. రోజూ తెల్లవారకముందే అంత దూరం వెళ్ళడానికి ఆయన ఆరోగ్యం సహకరించలేదు. ఇంతలో మా మేనకోడలికి సంబంధం కుదిరింది. పెళ్ళివారు నోరు తెరచి ఏమీ అడగలేదు. “మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం” అన్నారు. ఆ మాట బరువెంతో ఆడపిల్లల తండ్రులకే తెలుసు. బావగారు దానిని పది తులాలుగా లెక్కకట్టుకున్నారు. ఇంట్లో ఉన్నది మూడు తులాలు. మిగిలిన ఏడింటికి అప్పు చేయాలా, ఉన్న రెండు గదుల ఇల్లు అమ్మాలా అని మథనపడుతూ ఉండగా ఎవరో జొన్నగిరి మాట చెప్పారు. “ఒక్కసారి వెళ్ళి చూద్దాం. దొరికితే ఐదవ వంతు బీదలకు ఇస్తానని నియ్యత్ చేసుకున్నాను” అన్నారాయన. వద్దని చెప్పలేక, ఒంటరిగా పంపలేక, అక్కయ్యను, మేనకోడలిని వెంటబెట్టుకొని అందరమూ బయలుదేరాము.

ఎల్బీనగర్ మీదుగా ఆరాంఘర్ చేరి, అక్కడి నుండి 44వ జాతీయ రహదారి పట్టుకున్నాము. షాద్‌నగర్ సమీపంలో ఫజ్ర్ నమాజు చేసుకున్నాము. జడ్చర్ల వద్ద రహదారి వదిలి మహబూబ్‌నగర్ వైపు తిరిగితే పట్టణానికి చేరువలోనే పిల్లలమర్రి ఉన్నది. సుమారు ఏడు వందల ఏళ్ళనాటిదని చెప్పే ఆ వృక్షం మూడు ఎకరాలకు పైగా విస్తరించింది. 2018లో చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే, రోగికి సెలైన్ ఎక్కించినట్లు కొమ్మలకు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. బరువైన కొమ్మల క్రింద ఆధారంగా స్తంభాలు నిలిపారు. ఊడలు నేలకు దిగి మానులై, పైనున్న కొమ్మలను తామే మోస్తున్నాయి. మొదటి మాను ఏదో పోల్చుకోవడం కష్టం. మేనకోడలు ఒక ఊడను పట్టుకొని నిలబడి, “అబ్బా, ముసలితనంలో దీనిని పిల్లలే మోస్తున్నాయి” అన్నది. బావగారు నవ్వి ఊరుకున్నారు.

భూత్పూర్ వద్ద మళ్ళీ రహదారి ఎక్కి కొత్తకోట, పెబ్బేరు దాటితే బీచుపల్లి వద్ద కృష్ణానది. వంతెన దాటిన తరువాత బండి ప్రక్కకు ఆపుకొని కొంతసేపు నీటిని చూడవచ్చును. మరికొంత దూరంలో తుంగభద్ర. ఆ నది దాటితే కర్నూలు. నగరంలో కొండారెడ్డి బురుజును అందరూ చూస్తారు గాని, హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ సమాధిని చూసేవారు తక్కువ. బీజాపూరు సుల్తానుల తరఫున కర్నూలును పాలించిన ఆయనకు 17వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో కట్టిన గుంబజు అది. స్థానికులు దానిని గోల్ గుంబజ్ అంటారు. జుహ్ర్ నమాజును ప్రయాణికుల సౌలభ్యం ప్రకారం రెండు రకాతులుగా చేసుకొని, ఇంటి నుండి తెచ్చిన రొట్టెలు, ఖీమా తిని బయలుదేరాము. డోన్ మీదుగా సాయంత్రానికి గుత్తి చేరాము. గుత్తి కోట ఊరికి చాలా దూరం నుండే కనిపిస్తుంది. కొండ మీద కొండ పేర్చినట్లున్న ఆ ప్రాకారాలపై సూర్యుడు దిగుతుండగా చూడడం పిల్లలకు పెద్దలకు ఒక పండుగే. రాత్రికి అక్కడే బస చేశాము.

మరునాటి ఉదయం పత్తికొండ దారిన జొన్నగిరి చేరాము. పొలాలలో అప్పటికే వందలాది మంది ఉన్నారు. ఇరుగు పొరుగు జిల్లాల నుండి వచ్చి చెట్ల క్రింద వండుకు తింటున్న కుటుంబాలున్నాయి. విత్తనం వేసుకునే అదనులో తమ చేను త్రొక్కవద్దని బ్రతిమాలుతున్న రైతులు కూడా ఉన్నారు. ఆ పొలం వారి అనుమతి అడిగి, దున్నని బీడులోనే నడిచాము. ఎండలో నాలుగు గంటలు. మెరిసిన ప్రతి రాయినీ బావగారు తీసి తుడిచి చూసుకున్నారు. అన్నీ చెకుముకి రాళ్ళే.

ప్రక్కన కూర్చున్న ఒక వృద్ధుడు పదిహేనేళ్ళుగా ప్రతి తొలకరికీ వస్తున్నానని చెప్పాడు. “దొరికిందా తాతా?” అని అడిగాము. “మా ఊరివాడికొకడికి దొరికింది” అన్నాడు. బంగారం గురించి అడిగితే నవ్వాడు. అది చేతితో ఏరుకునేది కాదు. ఇక్కడి గనిలో టన్ను రాతిని పొడి చేస్తే దొరికేది ఒకటి రెండు గ్రాములు. ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉన్న రాయచూరు జిల్లాలోని హట్టి గనిలోనూ, ఎందరో తెలుగువారు పని చేసిన కోలారు గనులలోనూ బంగారమంటే యంత్రాలు, పెట్టుబడి, నేల లోతుల్లో కూలీల చెమట. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. ఏడు తులాలు చూడాలంటే ఎన్ని టన్నుల రాయి పగలాలో బావగారు మనసులో లెక్క వేసుకున్నట్లున్నారు. మాట్లాడకుండా లేచారు.

తిరుగు దారిలో ఎర్రగుడి శిలాశాసనాల వద్ద ఆగాము. బండల మీద క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన అక్షరాలున్నాయి. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త వీటిని కనుగొన్నారు. చరిత్ర చదువుతున్న మా మేనకోడలే మాకు మార్గదర్శి అయింది. ఇక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, కొన్ని మన ఉర్దూ వలె కుడి నుండి ఎడమకు, ఎద్దు అరక దున్నినట్లు మలుపు తిరుగుతూ నడిచాయని చూపింది. తల్లిదండ్రుల మాట వినాలని, ప్రాణుల పట్ల దయ చూపాలని, సత్యం పలకాలని అందులో ఉన్నదట. పెద్ద శాసనాలలో తొమ్మిదవదాని వద్ద ఆమె కొంచెం ఆగింది. పెళ్ళిళ్ళకు, పురుళ్ళకు, ప్రయాణాలకు జనం ఎన్నో తంతులు చేస్తారని, వాటి ఫలం స్వల్పమని, సేవకులను ఆదరించడం, పెద్దలను గౌరవించడం వంటివే అసలైన శుభకార్యాలని దాని సారాంశమని చెప్పింది. తరువాత ఎవరి వైపూ చూడకుండా, “అబ్బా, నాకు ఆ ఏడు తులాలు వద్దు. ఇల్లు అమ్మి పెట్టే బంగారం వేసుకొని నేను ఏ ఇంట్లోనూ సుఖంగా ఉండలేను” అన్నది.

చక్రవర్తి విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. కాని ఆ బండ చెప్పినది మనం ఎరుగనిదా? మహర్‌గా ఇవ్వడానికి ఇనుప ఉంగరం కూడా లేని పేదవానికి, అతనికి వచ్చిన ఖుర్ఆన్ సూరాలనే ఆధారం చేసి దైవప్రవక్త (సఅసం) నికాహ్ జరిపించారు. ఇచ్చుకోవలసినవాడు వరుడు. మన ఇళ్ళలో వధువు తండ్రి పొలాల వెంట తల వంచుకొని తిరుగుతున్నాడు.

ఆ రాత్రి కర్నూలులో ఇషా నమాజు తరువాత బావగారు పెళ్ళివారికి ఫోన్ చేశారు. మూడు తులాలు ఉన్నాయని, అంతకు మించి పెట్టలేనని, అప్పు చేయనని, దాపరికం లేకుండా చెప్పారు. ఇంట్లో మాట్లాడుకొని చెబుతామన్నారు వారు. ఈ వ్యాసం వ్రాసేనాటికి జవాబు రాలేదు. ఏ జవాబు వచ్చినా ఇల్లు మాత్రం అమ్మేది లేదని మా అక్కయ్య తీర్మానించుకున్నది.

పాఠక సోదర సోదరీమణులు వీలు చూసుకొని ఆ దారిన వెళ్ళి రావలసిందిగా కోరుతున్నాము. నీళ్ళు, గొడుగు వెంట ఉంచుకోండి. రైతు విత్తిన చేనులో అడుగు పెట్టకండి. పిల్లలమర్రి వద్ద ఒక గంట, ఎర్రగుడి వద్ద రెండు గంటలు కేటాయించండి. పెళ్ళి కావలసిన ఆడపిల్లలు ఇంట్లో ఉంటే వారిని తప్పక తీసుకొని వెళ్ళండి. వారి మనసులోని మాట కూడా దారిలో వినండి.