దుకాణదారునకు మనమిచ్చు అప్పు

గడచిన సంవత్సరము జనవరి మాసమున మా పూర్వ విద్యార్థి యొకడు అమెరికా దేశములోని టెక్సాసు రాష్ట్రమునుండి రేగొండకు వచ్చి, తల్లిదండ్రులను చూచుకొని, తరువాత పాఠశాలకును వచ్చెను. ఉపాధ్యాయుల గదిలో మా యెదుట కూర్చుండి, జేబులోనుండి మూడు ప్లాస్టికు కార్డులు తీసి బల్లపై పఱచెను. అవి యేమని యడుగగా, అచ్చటి చిల్లర దుకాణముల కార్డులని చెప్పెను. ముందుగా సొమ్ము వేసికొని, వస్తువు కొన్నప్పుడెల్ల అందులోనుండి చెల్లించుకొను కార్డులవి. మూడింటిలోను కలిపి నలువది డాలర్లు మిగిలియున్నవట. "నలభై డాలర్లున్నయి సార్, కాని ఇక్కడ ఒక్క చాయ కూడ రాదు" అని నవ్వెను. మేమును నవ్వితిమి. అతడు పోయిన తరువాత మాత్రము ఆ మాట మమ్ము విడువలేదు.

రేగొండవంటి మండలకేంద్రములోని పాఠశాల పత్రికలో విదేశపు దుకాణముల ముచ్చట యేల యని తల్లిదండ్రులు కొందఱు తలంపవచ్చును. మా యుత్తరమిది. 2010 నుండి 2017 వఱకు గల యేడేండ్లలో అమెరికాలో ఇంటియందు తెలుగు మాట్లాడువారి సంఖ్య నూటికి 86 వంతున పెరిగెనని 2018లో ఒక పరిశీలన తెలిపినది. ఆ పెరిగినవారిలో మన ప్రాంతపు బిడ్డలును కలరు. వారు విమానమెక్కునాటికి మనము వారికి ఆంగ్ల వ్యాకరణము నేర్పియుందుము, బీజగణితము నేర్పియుందుము. దుకాణపు బల్లయొద్ద ఎట్లు నిలువవలెనో నేర్పియుండము. ఆ లోపములో మాకును భాగము కలదు.

మొదట ఆ దుకాణమెట్టిదో చెప్పవలెను. 1927లో ఆ టెక్సాసు రాష్ట్రమునందే, డల్లాసు నగరములో, మంచుగడ్డలు అమ్ము ఒక కంపెనీవారు తమ మంచు కొట్టునందే పాలు, రొట్టె, గ్రుడ్లు కూడ అమ్మ మొదలిడిరి. 1946లో ఆ దుకాణములు ప్రొద్దున ఏడు గంటలనుండి రాత్రి పదునొకండు వఱకు తెఱచియుంచబడుటచేత వానికి "సెవెన్ ఇలెవెన్" అను పేరు పెట్టిరి. 1974లో ఆ పేరితో జపానులో మొదటి దుకాణము టోకియో నగరపు తొయోసు పేటలో తెఱవబడెను. నేడు అట్టి దుకాణములు పెక్కింటికి రాత్రియు పగలును లేవు. రాత్రి రెండు గంటలకు పని ముగించుకొని గదికి మరలు విద్యార్థికి అందు వేడి కాఫీయు, రొట్టెయు దొరకును. పరదేశమున ఒంటరిగా నున్నవానికి వెలుగుచున్న ఆ దుకాణమెంత యాదరువో మేము తక్కువ చేసి చెప్పము. సౌకర్యమునకు తగినట్లు ధరయు హెచ్చు.

ఇప్పుడు మన యూరి కిరాణా దుకాణమును తలచుకొనుడు. పత్తి అమ్ముడుపోవువఱకు రైతు చేతిలో రొక్కము ఉండదు. సావుకారు ఉప్పు, పప్పు, నూనె ఉద్దెర యిచ్చి, పొడుగాటి ఖాతా పుస్తకములో వ్రాసికొనును. ఆ లెక్కలో తప్పులుండవచ్చును, ధర కొంత యెక్కువ పడవచ్చును. అయినను అచ్చట అప్పు ఇచ్చువాడు సావుకారు, పుచ్చుకొనువాడు రైతు. ఇవ్వనియెడల అడుగుటకు సావుకారు మన గుమ్మము త్రొక్కవలెను. ముందు సొమ్ము వేసికొను కార్డులో ఈ వరుస తలక్రిందులగును. మన సొమ్ము ముందు పోవును. వస్తువు తరువాత, మనము అడిగినప్పుడు వచ్చును. నడుమ నున్న దినములన్నియు దుకాణదారుడు మనకు ఋణస్థుడు. వడ్డీ లేదు, పత్రము లేదు, సాక్షి లేడు. మనమొక గొప్ప కంపెనీకి అప్పిచ్చుచున్నామను సంగతి మనకే తెలియదు.

మా పూర్వ విద్యార్థి సంగతినే తీసికొందము. నలువది డాలర్లనగా మన లెక్కలో మూడువేల రూపాయలకు మించిన సొమ్ము. అతనిని పంపుటకై తండ్రి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చియుండెను. ఆ లెక్కను ఆ కార్డులలో నిద్రించుచున్న సొమ్మునకు నెలకు అఱువది రూపాయలకు పైగా రేగొండలో వడ్డీ పెరుగుచున్నది. డల్లాసులో ఆ సొమ్మునే దుకాణదారుడు వడ్డీ లేకుండ వాడుకొనుచున్నాడు. అఱువది రూపాయలు చిన్న మొత్తమే. దారిద్ర్యమెఱిగినవారు దానిని చిన్నదనరు.

చిన్న మొత్తములు కూడిన నెంతయగునో చెప్పెదము. చిల్లర దుకాణము కాదుగాని, అదే పద్ధతి నవలంబించిన స్టార్‌బక్స్ అను కాఫీ కంపెనీవారు తమ వార్షిక లెక్కలలో ఈ సంగతిని దాచక ప్రకటించుచుందురు. 2023వ ఆర్థిక సంవత్సరాంతమున వారి యొద్ద కార్డులలో వాడకముగాక నిలిచియున్న జనుల సొమ్ము ఇంచుమించు 150 కోట్ల డాలర్లు. ఇక జనులు మఱచిపోయి యెన్నటికిని వాడరని తలచి, ఆ యొక్క యేడు ఆదాయముగా వ్రాసికొన్నది 20 కోట్ల డాలర్లకు మించినది. కాఫీ కాయకుండ, కప్పు కడుగకుండ వచ్చిన యాదాయమిది. ఇది చట్టవిరుద్ధము కాదు. మన మఱపు వారి పంటయని మాత్రమే మేము చెప్పుచున్నాము.

ఒక్క దుకాణములోనే చెల్లు సొమ్ము క్రొత్తది కాదు. పూర్వము ఇంగ్లండులో యజమానులు కూలికి బదులుగా తమ దుకాణపు సరుకులనే యిచ్చుచుండిరి. 1831లో అచ్చటి పార్లమెంటు దానిని పెక్కు వృత్తులలో నిషేధించెను. అమెరికా బొగ్గుగనులలో కంపెనీవారు తమ బిళ్లలు తామే పోసి కూలీలకిచ్చిరి. ఆ బిళ్లలు కంపెనీ దుకాణములోనేగాని వేఱొక చోట చెల్లకపోయెను. మన దేశమున 1936లో చేసిన వేతనముల చెల్లింపు చట్టము కూలిని చెల్లుబడియగు నాణెములలోను నోట్లలోను ఇయ్యవలెనని నిర్బంధించెను. గనులు మనకు దూరపు మాట కాదు. భూపాలపల్లి సింగరేణి గనులలో దిగువారి బిడ్డలు మా తరగతులలో కూర్చున్నవారే. తాతలు ఏ సంకెలను తెంపుటకు పాటుపడిరో, దానినే మనుమలు రంగుల కార్డు రూపమున తామై కోరి జేబులో వేసికొనుచున్నారు. బలవంతము లేదు గనుక ఈ రెండును ఒకటి కావని మా గణితోపాధ్యాయుడు వాదించెను. అది నిజమే. కాని తిరిగి నగదుగా మార్చుకొనజాలని సొమ్ము సొమ్ములో సగమేయని ఆయనయు నొప్పుకొనెను.

ప్రభుత్వములు దీనిని గుర్తించినవి. జపానులో 2010 నుండి అమలులోనున్న చట్టముచొప్పున, ఇట్టి కార్డులమ్ము కంపెనీయొద్ద వాడని సొమ్ము కోటి యెన్నులు దాటినయెడల అందులో కనీసము సగమునకు తగిన డిపాజిటు లేక పూచీ చూపవలెను. అమెరికాలో 2009లో చేసిన చట్టము బహుమానపు కార్డుల సొమ్మునకు అయిదేండ్లలోపల గడువు తీరకూడదని విధించెను. కాలిఫోర్నియా రాష్ట్రము 2008 నుండి కార్డులో మిగిలిన స్వల్పశేషమును అడిగినవారికి నగదుగా తిరిగి యిప్పించుచున్నది. మన దేశములో రిజర్వు బ్యాంకు నియమములు పలు చోట్ల చెల్లు కార్డులకు వర్తించునుగాని, కేవలము ఒక్క దుకాణదారుని సరుకులకే చెల్లు కార్డునకు ఆ బ్యాంకు అనుమతియే యక్కఱలేదు. బ్యాంకులో నున్న సొమ్మునకు 2020 నుండి అయిదు లక్షల రూపాయల వఱకు బీమా కలదు; దుకాణపు కార్డులోని సొమ్మునకు అట్టిదేదియు లేదు. మన పిల్లలు ఫోనుతో చెల్లించుటయు ఇదియు ఒకటేయని కొందఱనుకొందురు. కాదు. బ్యాంకు ఖాతానుండి నేరుగా చెల్లించునపుడు మన సొమ్ము ఆ నిమిషము వఱకు మన ఖాతాలోనే యుండును.

ఇక పాయింట్ల మాట. కొన్నప్పుడెల్ల కొన్ని గుర్తులు జమచేసి, అవి కూడిన తరువాత వస్తువో తగ్గింపో యిచ్చుట 1896 నుండి అమెరికాలో పచ్చ స్టాంపుల రూపమున నుండెను. అంతకు పూర్వమే, 1844 డిసెంబరు 21న, ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున 28 మంది బీద చేనేతవారును ఇతర పనివారును కలిసి యొక దుకాణము తెఱచి, వచ్చిన లాభమును ఎవరెంత కొనిరో అంత వంతున కొన్నవారికే పంచిపెట్టిరి. పాయింట్ల తాతముత్తాత అదియే యని మా భావము. కాని ఎంత భేదము! రాచ్‌డేలులో కొన్నవాడు దుకాణమునకు యజమాని. లెక్కల పుస్తకము చూచు హక్కు వానికి కలదు. పంచినది వాని లాభమే. నేటి పాయింట్లలో కొన్నవానికి ఓటు లేదు, నియమములు వాని చేతిలో లేవు. జపానులో సెవెన్ ఇలెవెన్ వారు 2007లో నానకో అను కార్డును ప్రవేశపెట్టి 100 యెన్నుల కొనుగోలునకు ఒక పాయింటు ఇచ్చుచుండిరి. 2019 జూలైలో దానిని 200 యెన్నులకు ఒకటిగా మార్చిరి. ఒక పాయింటు ఒక యెన్ను. అనగా నూఱు యెన్నులు లాభము పొందుటకు పదివేలు వ్యయపఱచినవాడు, ఆ దినమునుండి ఇరువదివేలు వ్యయపఱుపవలెను. ఏ కొనుగోలుదారుని సమ్మతియు అడుగలేదు. అడుగవలసిన పనియు లేదు. నూటికి అరవంతు లాభమునకై, వీధి చివర పెద్ద దుకాణములో చౌకగా దొరకు పాలను విడిచి ఇచ్చట కొనువాడు ఏమి గెలిచెనో ఎనిమిదవ తరగతి పిల్లవాడు చెప్పగలడు.

పాయింట్లకు మనము చెల్లించు మఱియొక వెల కలదు, అది మన పేరు. ఎవరు, ఏ దినమున, ఏ గంటకు, ఏమి కొనిరో ఆ కార్డు వ్రాసికొనును. జపానులో పెక్కు దుకాణములలో చెల్లుచుండిన టీ పాయింటు కార్డు కంపెనీవారు, న్యాయాధిపతి వారంటు లేకుండగనే జనుల వివరములను పోలీసులకు ఇచ్చుచున్నట్లు 2019 జనవరిలో బయల్పడెను. మన సావుకారును మన యింట ఏమి వండుకొందుమో యెఱుగును, కాని ఆయన యెఱిగినది ఆయనతోనే యుండును. మహా యైన ఆయన భార్యకు తెలియును. హనుమకొండ పెద్ద దుకాణములలో బల్లయొద్దనే "ఫోన్ నంబరు చెప్పండమ్మా" అని యడుగుట తల్లులందఱు ఎఱిగినదే. నంబరు ఇయ్యనిదే సరుకు ఇయ్యమని నిర్బంధింపరాదని కేంద్ర ప్రభుత్వమువారు 2023 మే నెలలో వర్తకులకు తెలియజేసిరి. కావున తల్లులు జంకక వద్దని చెప్పవచ్చును.

మేము ఇంతయు వ్రాయుటకు ముఖ్యకారణము వేఱు. టెక్సాసునుండి వచ్చిన ఆ యువకుడు లేచి పోబోవుచు, తన గదిలో నుండిన మఱియొక తెలుగు పిల్లవాని సంగతి చెప్పెను. వానికి ఒకనాడు ఫోను వచ్చినదట. అవతలివాడు తాను వలస శాఖ యధికారినని చెప్పి, కాగితములలో తప్పున్నదనియు, గంటలోపల జరిమానా కట్టనియెడల దేశమునుండి పంపివేయుదుమనియు బెదరించెను. బ్యాంకు ద్వారా వలదట. చిల్లర దుకాణమునకు పోయి బహుమానపు కార్డులు కొని, వెనుకనున్న అంకెలను గీకి చదువవలెనట. ఆ పిల్లవాడు ఫోను చెవినుండి తీయకుండ మూడు దుకాణములు తిరిగి, ఆ సత్రపు ఫీజుకై దాచిన సొమ్మంతయు కార్డులుగా మార్చి, అంకెలు చదివి వినిపించెను. ఫోను ఆగిపోయెను. ఇంటికి తెలిసిన నాన్న కుప్పకూలునని ఎవరికిని చెప్పక, ఆఱు నెలలు ఒంటిపూట తిని, అప్పు తీర్చెనట.

ఇట్టిది ఒక్కనికే జరిగినది కాదు. 2023లో ఇట్లు కార్డుల ద్వారా మోసపోయితిమని అమెరికా వాణిజ్య సంఘమునకు జనులు ఫిర్యాదు చేసిన సొమ్ము 21 కోట్ల డాలర్లకు మించినది. అంకె చదువబడిన నిమిషముననే సొమ్ము వెడలిపోవును. నోటువలె చేతులు మాఱును గాని, నోటునకున్నట్లు ఇచ్చినవాని ముఖము ఇచ్చట కనబడదు. మనము సిగ్గుపడవలసిన మాటయు నొకటి కలదు. 2016 అక్టోబరులో ముంబయి చెంత మీరా రోడ్డులో పట్టుబడిన ఫోను కొట్లలో కూర్చుండి అమెరికా ప్రజలను ఈ తీరుననే బెదరించినవారు మన దేశపు యువకులే. ఏదో యొక పాఠశాలలో ఎవరో యొక ఉపాధ్యాయుడు వారికి ఆంగ్లము బోధించియుండును.

ఏ దేశ ప్రభుత్వమును, ఏ న్యాయస్థానమును, ఏ పన్నుల కార్యాలయమును దుకాణపు కార్డు అంకెలను సొమ్ముగా అడుగదు. ఈ యొక్క వాక్యమును మా విద్యార్థులు కంఠస్థము చేయవలెనని మా కోరిక. తల్లిదండ్రులతో మా మనవి వేఱొకటి. బిడ్డ మోసపోయి ఇంటికి ఫోను చేసిన రాత్రి మొట్టమొదట సొమ్ము సంగతి అడుగకుడు. ఆ పిల్లవాడు ఆఱు నెలలు ఒంటిపూట తినుటకు మోసగాడెంత కారణమో, ఇంటి మీది భయమును అంత కారణము.

కార్డులను పూర్తిగా విడువుమని మేము చెప్పుట లేదు. వారమునకు ఇరువది డాలర్లు మాత్రమే వేసికొని, అవి యైపోయిన కాఫీ మానుకొను పిల్లవానికి అది మంచి కట్టుబాటే. ఎట్లును కొనవలసిన వస్తువునకు పాయింటు వచ్చిన పుచ్చుకొనవచ్చును. వేసిన సొమ్ము నెల దాటి నిలువకుండ చూచుకొనవలెను. దేశము విడుచునప్పుడు శేషమును ఖర్చుపెట్టియో, తోటివానికి ఇచ్చియో రావలెను. గోపురము కట్టగోరినవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పిన ఉపమానమును మా ప్రార్థనాకూటములో ఏటేట చదువుచున్నాము. గోపురమునకే కాదు, కాఫీకిని ఆ లెక్క వర్తించును.

వచ్చు విద్యాసంవత్సరమునుండి పదవ తరగతి వడ్డీ లెక్కలలో నానకో లెక్కయు, నూటికి రెండు రూపాయల లెక్కయు ప్రక్కప్రక్కన చేయింపవలెనని గణితోపాధ్యాయునితో మాటలాడితిమి. ఆయన యొప్పుకొనెను. మా పూర్వ విద్యార్థి తన మూడు కార్డులలో నొకదానిని, పదునొకండు డాలర్లున్నదానిని, పిల్లలకు చూపుటకై మాయొద్ద విడిచిపోయెను. అది యిప్పుడు ఉపాధ్యాయుల గదిలో, దేశపటముల బీరువాలో నున్నది.