కొక్కెం మీద ఎంత బరువు?



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో తడ నుండి ఒక సహోదరుడు వ్రాసినది చదివి, మిగిలినవన్నీ ప్రక్కన పెట్టాను. ఆయనకు వరదయ్యపాళెం వైపు మామిడితోట ఉన్నది. తోట దారిలో మామూలు కారు పోదు గనుక చెన్నైలో ఒక పాత మారుతి జిప్సీ కొన్నారు. ఇంజను సరిగా లేనందున దానిని రెండు చక్రాల ట్రైలరు మీద ఎక్కించి, తమ పికప్పుకు తగిలించి తెస్తున్నారు. వెనుక సీటులో కోడలు, ఇద్దరు మనుమలు. గుమ్మిడిపూండి దాటి 70 కిలోమీటర్ల వేగంతో వస్తుండగా ఒక బస్సు ప్రక్కనుండి దాటిపోయింది. ఆ గాలికి ట్రైలరు కుడికీ ఎడమకీ ఊగడం మొదలుపెట్టింది. "బ్రేకు నొక్కేకొద్దీ ఊపు ఎక్కువైపోయింది. పికప్పు వెనుక భాగాన్నే పట్టి విసిరికొట్టినట్టయింది" అని వ్రాశారు. చివరకు రోడ్డు ప్రక్క మట్టిలోకి దిగి నిలిచింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు.

ఇప్పుడు ఆ జీపును మరమ్మతుకు మళ్ళీ చెన్నై తీసుకుపోవాలి. ఇంట్లో ట్రైలరు పేరెత్తితే ఆయన భార్య ఒప్పుకోవడం లేదట. "టైర్లు అరిగినందువలన జరిగిందా? మా పికప్పు చాలదా? ఇంకా పెద్ద బండి కొనాలా?" అని అడిగారు. ఉత్తరం చివర, పెద్ద విషయం కాదన్నట్టు ఇంకొక మాట వ్రాశారు: దింపేటప్పుడు సులువుగా ఉంటుందని జీపును వెనక్కి త్రోసి ఎక్కించారట. అంటే జీపు ముఖం ట్రైలరు తోక వైపు ఉన్నది.

సహోదరా, మీ ప్రశ్నకు జవాబు ఆ చివరి మాటలోనే ఉన్నది.

మా తాతగారికి ఎద్దులబండి ఉండేది. బస్తాలు వేశాక ఆయన ముందుకు వచ్చి కాడిని ఒక చేత్తో ఎత్తి చూసేవాడు. "మొగ్గు చూస్తున్నానురా" అనేవాడు. బరువు వెనక్కి పోతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు బిగుస్తుంది. మరీ ముందుకు వస్తే మెడలు పుండ్లు పడతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు తాను ముందుకు జరిగి నొగ దగ్గర కూర్చునేవాడు, పల్లంలో వెనక్కి జరిగేవాడు. చిత్తూరు వైపు చెరకు ట్రాక్టర్లను చూసినవారికీ ఇది తెలుసు. ట్రక్కు ముందు భాగాన బరువు ఎక్కువైతే ఎత్తులో ట్రాక్టరు ముందు చక్రాలు నేల విడుస్తాయి. రెండు చక్రాల బండి ఏదైనా త్రాసువంటిదే. ఇరుసు ముల్లు, కొక్కెం ఒక తట్ట.

ఎద్దులబండికి లేని చిక్కు ఒకటి మోటారు బండికి ఉన్నది. అదే వేగం. ట్రైలరు కొక్కెం చుట్టూ అటూ ఇటూ తిరగగలదు. ఇరుసుకు ముందు తగినంత బరువుంటే, ఏ గాలికో ప్రక్కకు జరిగినా చక్రాలే దానిని మళ్ళీ దారిలోకి లాగుతాయి. బరువు ఇరుసు వెనుక ఉంటే ఆ తోక గడియారపు లోలకంలా విసురుతుంది. 40లో ఒకటి రెండు ఊపులు ఊగి అదే ఆగిపోతుంది. వేగం ఒక హద్దు దాటిందా, ప్రతి ఊపూ మునుపటి ఊపుకంటె పెద్దదవుతుంది. పాతకాలంలో గుంతలే మనలను నెమ్మదిగా నడిపించేవి. ఇప్పుడు చెన్నై నుండి తడ వరకు రోడ్డు విశాలంగా, నున్నగా ఉన్నది. తప్పుగా ఎక్కించిన బరువు బయటపడేది ఇటువంటి మంచి రోడ్డు మీదనే.

ఇక లెక్క చూద్దాం. జిప్సీ ఇంచుమించు 1,000 కిలోలు. ట్రైలరు 400 అనుకుంటే మొత్తం 1,400. ఇందులో కొక్కెం మీద పదవ వంతుకు తగ్గకుండా, నూటికి 15కు మించకుండా పడాలని అమెరికాలో చెప్పే సూత్రం. అంటే 140 నుండి 210 కిలోలు. యూరప్ వారు ఇంతకంటె తక్కువ బరువుతో, తక్కువ వేగంతో లాగుతారు. ఏ సూత్రమైనా మీ పికప్పు పుస్తకంలోను, కొక్కెం మీదను వ్రాసిన హద్దుకు లోబడాలి. ఎక్కువైనా కీడే. పికప్పు వెనుక క్రుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గి, స్టీరింగు తేలిపోతుంది.

మీ ట్రైలరులో ఇరుసు నుండి కొక్కెం వరకు 12 అడుగులు అనుకుందాం. జీపును ఒక్క అడుగు ముందుకు జరిపితే కొక్కెం మీద 83 కిలోలు పెరుగుతాయి (1,000ను 12తో భాగించండి). ఒక్క అడుగుకే అంత తేడా! ఇంజను ముందుంది గనుక జీపు బరువు సరిగ్గా నడుమ ఉండదు, ముందుకు మొగ్గి ఉంటుంది. ముందు చక్రాల మీద 550, వెనుక చక్రాల మీద 450 కిలోలు ఉన్నాయనుకోండి. చక్రాలు ట్రైలరు మీద అదే చోట ఉన్నా, జీపును తిప్పి ఎక్కించిన ఒక్క కారణాన బరువు ముప్పావు అడుగు వెనక్కి పోతుంది. కొక్కెం మీద అరవై డెబ్బై కిలోలు తగ్గిపోతాయి. మీరు చేసినది ఇదే. టైర్లను నిందించకండి, పెద్ద బండీ కొనకండి.

నేనూ ఈ తప్పు చేసినవాడినే. ఒకసారి కూటాలకు జనరేటరు తీసుకుపోతూ, నలుగురు కలిసి దించడానికి వీలుగా ఉంటుందని ట్రైలరు వెనుక అంచున పెట్టాం. శ్రీకాళహస్తి రోడ్డులో ఒక వంతెన దిగుతుండగా అద్దంలో ట్రైలరు ఒకసారి కుడి ప్రక్కన, ఒకసారి ఎడమ ప్రక్కన కనిపించింది. ఆ రాత్రి కూటంలో ఎవరేమి మాట్లాడారో నాకు జ్ఞాపకం లేదు.

కొలవడం కష్టం కాదు. బియ్యం మిల్లుల దగ్గర లారీలు తూచే కాటా ఉంటుంది. ముందు పికప్పును విప్పి, జీపుతో సహా ట్రైలరు మొత్తాన్ని కాటా మీద తూచండి. తరువాత పికప్పు తగిలించి, ట్రైలరు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేటట్లు నిలిపి తూచండి. ఆ రెంటికీ ఉన్న తేడాయే కొక్కెం మీది బరువు. ఇంట్లో మనుషులు తూగే యంత్రంతోనూ చేయవచ్చు. అయితే దాని మీద నేరుగా పెడితే యంత్రం చాలదు. మూడడుగుల పలక ఒక కొన ఇటుక మీద, ఇంకొక కొన యంత్రం మీద ఉంచి, ఇటుకకు ఒక అడుగు దూరంలో ట్రైలరు ముక్కును ఆనించండి. పలక బరువు తీసివేసి, వచ్చిన అంకెను మూడుతో హెచ్చించండి. ట్రైలరు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టడం మరువవద్దు. ముక్కు తగిలించినప్పుడు ఉండే ఎత్తులోనే ఉండాలి.

కాబట్టి ఈసారి జీపును ముఖం పికప్పు వైపు ఉండేటట్లు ఎక్కించండి. చాలకపోతే నాలుగంగుళాల చొప్పున ముందుకు జరిపి మళ్ళీ తూచండి. సరిపోయిన చోట ట్రైలరు నేల మీద రంగుతో గీత గీయండి. నాలుగు మూలలా కట్టండి. తాళ్ళు కాదు, బిగింపు పట్టీలు గాని గొలుసులు గాని వాడండి. జీపు స్ప్రింగుల మీద ఎగురుతుంది గనుక మొదటి పది కిలోమీటర్లకే పట్టీలు వదులవుతాయి. ఆపి బిగించండి. కొక్కెం ఊడినా ముక్కు నేలను తాకకుండా రెండు గొలుసులు క్రింద అడ్డంగా వేయండి. ట్రైలరుకు కూడ వేరుగా రిజిస్ట్రేషను ఉండాలని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతోంది. మీదానికి ఉన్నదో లేదో ఉత్తరంలో వ్రాయలేదు.

వేగం 50 దాటకండి. తడ దగ్గర పులికాట్ సరస్సు వైపునుండి గాలి అడ్డంగా కొట్టే రోజున ఇంకా తగ్గించండి. మళ్ళీ ఊపు మొదలైతే బ్రేకు తొక్కవద్దు, స్టీరింగును ఎదురు త్రిప్పవద్దు, దాటిపోదామని వేగం పెంచవద్దు. యాక్సిలరేటరు నుండి కాలు తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకోండి. ట్రైలరుకు సొంత బ్రేకు ఉంటే అదొక్కటే వేయాలి. మన దగ్గర చేయించే చిన్న ట్రైలర్లలో చాలావాటికి ఉండదు.

ఇది ఒక్కసారి పనే అయితే, జీపును పైన ఎక్కించుకొని పోయే లారీని మాట్లాడుకోవడమే నయమని నా అభిప్రాయం. తడ నుండి చెన్నైకి ఎనభై కిలోమీటర్లే గదా. లేదు, ట్రైలరే కావాలంటే మొదట పిల్లలను ఎక్కించుకోకుండా సూళ్ళూరుపేట వరకు ఒకసారి పోయి రండి. అమ్మగారిని కాటా దగ్గరకు తీసుకువెళ్ళి ఆ రెండు అంకెలూ ఆమెచేతనే వ్రాయించండి. తేడా ఎంత వచ్చిందో నాకూ ఒక కార్డు ముక్క వ్రాయండి.