ఇల్లు మారే ముందు సామాన్లు చూసుకోండి!

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. ఆ రోజు ఎవరి కంప్యూటరూ ఆగిపోలేదు. మర్నాడు కూడా ఎప్పటిలాగే వెలిగింది. కాకపోతే ఆ తర్వాత బయటపడే లోపాలకు మరమ్మతులు రావు. అదనపు భద్రతా పథకంలో చేరినవాళ్లకు మాత్రం ఇంకో ఏడాది గడువిచ్చారు. పోనీ విండోస్ 11 వేసుకుందామా అంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ కూడా కాస్త కొత్తదై ఉండాలి. 2017కు ముందు కొన్న కంప్యూటర్లలో చాలావాటికి ఆ యోగం లేదు. బాగా నడుస్తున్న యంత్రాన్ని పాత సామాన్లవాడికి వేయడానికి మనసొప్పదు. అందుకే చాలామంది చూపు ఉచితంగా దొరికే లినక్స్ మీద పడింది.

నల్లగొండను ఆనుకునే ఉన్న పానగల్‌లో ఒక ఇల్లు ఉందనుకుందాం. తండ్రికి చిన్న డీటీపీ సెంటరుంది. పెళ్లి శుభలేఖలు, జాతర కరపత్రాలు, దశదినకర్మ కార్డులు కంపోజ్ చేస్తాడు. తల్లి చీటీల లెక్కలు ఎక్సెల్‌లో రాస్తుంది. కూతురు డిగ్రీ చదువుతోంది. ‘లినక్స్ వేసేద్దాం నాన్నా, పైసా ఖర్చుండదు’ అంటుంది కూతురు. ‘మరి నా పేజ్‌మేకర్ ఎట్లమ్మా?’ అంటాడు తండ్రి. ‘నా చీటీల లెక్కలో?’ అంటుంది తల్లి. ముగ్గురి మాటల్లోనూ న్యాయముంది. అయితే ముగ్గురి కష్టమూ ఒకటి కాదు.

పేరు కాదు, పని చూడండి

కొత్త ఇంటికి వెళ్లినవాళ్లు ‘అదే బ్రాండు గ్యాస్ పొయ్యి ఉందా?’ అని వెతకరు. అన్నం వండుకునే వీలుంటే చాలనుకుంటారు. ఇక్కడా అంతే. ‘లినక్స్‌లో వర్డ్ ఉందా, ఫొటోషాప్ ఉందా?’ అని అడిగితే లేదనే జవాబు వస్తుంది. ‘ఉత్తరం రాసుకోవచ్చా, ఫొటో దిద్దుకోవచ్చా?’ అని అడిగితే భేషుగ్గా అనే జవాబు వస్తుంది.

ముందు ఒక కాగితం తీసుకోండి. గత నెలలో ఇంట్లో కంప్యూటర్ మీద ఎవరెవరు ఏం చేశారో రాయండి. బ్యాంకు పని, పరీక్షల దరఖాస్తులు, యూట్యూబ్, వాట్సాప్ వెబ్... ఇవన్నీ బ్రౌజర్లో జరిగే పనులు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ లినక్స్‌లోనూ ఉన్నాయి. పాటలకూ సినిమాలకూ వీఎల్‌సీ అక్కడా అదే. మామూలు ఇంట్లో సగానికి సగం జాబితా ఇక్కడే కొట్టేయొచ్చు.

ఉత్తరాలు, లెక్కలు, స్లైడ్లకు లిబ్రే ఆఫీస్ ఉంది. ఓపెన్ ఆఫీస్ నుంచి 2010లో విడివడి పుట్టింది. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది, అదే రూపంలో భద్రపరుస్తుంది కూడా. తల్లిగారి చీటీల లెక్కలు, కూడికలతో సహా దీంట్లో హాయిగా నడుస్తాయి. మాక్రోలు రాసిన పెద్ద ఎక్సెల్ ఫైళ్లయితే మొరాయించవచ్చు. కూతురి బయోడేటాలో వరుసలు అటూ ఇటూ జరగొచ్చు. బయటికి పంపేది పీడీఎఫ్‌గా మార్చి పంపితే ఆ బెంగ ఉండదు.

ఫొటోలు దిద్దడానికి 1996 నుంచీ ఉన్న గింప్, బొమ్మలు గీయడానికి 2003లో వచ్చిన ఇంక్‌స్కేప్, పేజీలు పేర్చడానికి స్క్రైబస్ ఉన్నాయి. స్క్రైబస్ విషయంలో ఒక జాగ్రత్త. పాత 1.4 వెర్షన్లో తెలుగు వత్తులు సరిగా కుదిరేవి కావు. 2024లో విడుదలైన 1.6 గానీ, ఆ తర్వాతిది గానీ వేసుకోండి.

కుదరని చోట మొండికెయ్యొద్దు

అన్నిటికీ బదులు దొరుకుతుందని చెప్పడం అబద్ధమే అవుతుంది. ట్యాలీ లినక్స్ మీద నేరుగా నడవదు. లెక్కలన్నీ ట్యాలీలో ఉండి, ఆడిటరు కూడా అదే అడుగుతుంటే ఆ దుకాణం విండోస్‌లోనే ఉండటం మేలు. ఫ్లెక్సీలు తయారుచేసేవాళ్ల కోరెల్‌డ్రా ఫైళ్లను ఇంక్‌స్కేప్ తెరుస్తుంది కానీ అన్నీ ఉన్నవి ఉన్నట్టు రావు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే వైన్ అనే ఏర్పాటు 1993 నుంచీ ఉంది. కొన్నిటికి అక్కరకొస్తుంది, కొన్నిటికి రాదు. దాన్నే నమ్ముకుని పెళ్లిళ్ల సీజన్లో కార్డులు ఒప్పుకోవద్దు.

ప్రింటర్ సంగతి మరీ ముఖ్యం. జిరాక్స్ సెంటర్లలో కనిపించే కొన్ని చిన్న లేజర్ ప్రింటర్లు లినక్స్‌తో సరిగా పలకవు. మీ మోడల్‌కు డ్రైవర్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఇందుకో తేలిక మార్గముంది. ఉబుంటు గానీ, లినక్స్ మింట్ గానీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, హార్డ్‌డిస్క్‌ను తాకకుండా అక్కణ్నుంచే నడిపి చూడొచ్చు. ప్రింటర్, వైఫై, స్పీకర్లు పనిచేస్తున్నాయా లేదా అన్నది అరగంటలో తేలిపోతుంది.

అసలు చిక్కు అక్షరాలది

ఇక తండ్రి ప్రశ్న. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. 2004లో దాని అభివృద్ధి ఆగిపోయింది. అయినా తెలుగునాట చాలా డీటీపీ సెంటర్లలో ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే రాజ్యమేలింది. ఎందుకంటే దానికి తోడుగా అను, శ్రీలిపి వంటి తెలుగు ఫాంట్లున్నాయి. కంప్యూటర్లో తెలుగు సరిగా కుదరని రోజుల్లో అవే మన ముద్రణను నిలబెట్టాయి. మన శుభలేఖలు, పుస్తకాలు, స్థలపురాణాలు ఎన్నో వాటితోనే అచ్చయ్యాయి. ఆ మేలు మరువలేం.

అయితే ఆ ఫాంట్లలో ఒక కిటుకుంది. తెరమీద మనకు ‘క’ కనిపిస్తుంది. లోపల కంప్యూటర్ దాచుకున్నది మాత్రం ఏదో ఇంగ్లీషు అక్షరం స్థానాన్నో, గుర్తు స్థానాన్నో. ఫాంటు దానికి తెలుగు వేషం వేస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్లో వేషం ఊడిపోయి పిచ్చిగీతలు మిగులుతాయి. యూనికోడ్ పద్ధతి వేరు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్లోనే తెలుగుకు చోటిచ్చారు. అందులో ‘క’ సంఖ్య 3093. ఆ సంఖ్య ఇంక దేనికీ చెందదు. ఫోనైనా, విండోస్ అయినా, లినక్స్ అయినా 3093 అంటే ‘క’ మాత్రమే.

కాబట్టి తండ్రికి కావలసింది పేజ్‌మేకర్‌కు బదులు మరొకటి మాత్రమే కాదు. పేజ్‌మేకర్ ఫైళ్లను లిబ్రే ఆఫీస్ డ్రా కొంతవరకు తెరుస్తుంది. కానీ తెరిచాక కనిపించేది తెలుగు కాకపోతే ఏం లాభం? సాఫ్ట్‌వేర్ దొరికి, ఇరవై ఏళ్ల కష్టం దొరక్కుండా పోతుంది. పేజ్‌మేకర్ చేసే పని చేసేవి లినక్స్‌లో ఉన్నాయి. అందులో దాచిన తెలుగుకు దారి మాత్రం మనమే వేసుకోవాలి.

ముందు మార్చండి, తర్వాత మారండి

ఆ దారి వేసుకునే చోటు పాత ఇల్లే. ఫాంట్లూ పేజ్‌మేకరూ పనిచేస్తున్న పాత విండోస్ ఉండగానే చేయాల్సిన పనులివి. మొదట, ఫైళ్లన్నిటికీ మరో హార్డ్‌డిస్క్‌లో నకలు తీయండి. రెండు, ముఖ్యమైన ప్రతి ఫైలునూ పీడీఎఫ్ చేయండి. పేజీ రూపం దక్కుతుంది. కానీ అందులోంచి తెలుగును కాపీ చేస్తే మళ్లీ పిచ్చిగీతలే వస్తాయి. అందుకే మూడో పని. పేజ్‌మేకర్లోంచి మాటర్‌ను కాపీ చేసి, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి, వచ్చినదాన్ని లిబ్రే ఆఫీస్‌లో భద్రపరచండి.

వచ్చినదాన్ని అచ్చుతప్పులు దిద్దినట్టు చదివి తీరాలి. ‘స్త్రీ’ తీసుకోండి. పాత ఫాంట్లు కంటికి కనిపించే వరుసలో ముక్కలు పేరుస్తాయి. గుడిదీర్ఘం ‘స’ నెత్తినే ఉంటుంది, వత్తులు దాని చుట్టూ చేరతాయి. యూనికోడ్ పలికే వరుసలో దాస్తుంది. స, త, ర వచ్చాకే చివర్లో దీర్ఘం. ఒక వరుసను ఇంకో వరుసలోకి మార్చేటప్పుడు వత్తులు, దీర్ఘాలు తారుమారవుతుంటాయి. పేర్లు, తేదీలు మరీ జాగ్రత్తగా చూడాలి. అన్నీ ఒక్కసారే అక్కర్లేదు. ఊరి చరిత్ర, కవుల పుస్తకాలు, గుడి రికార్డుల వంటివి ముందు. ఏడాదికోసారి తేదీ మార్చి వేసే కరపత్రాలు తర్వాత. జరిగిపోయిన పెళ్లిళ్ల కార్డులకు పీడీఎఫ్ చాలు.

కొత్త ఇంట్లో తెలుగుకు లోటేమీ లేదు. అను కీబోర్డుల్లో యాపిల్ లేఅవుట్‌కు అలవాటుపడ్డ వేళ్లకు లినక్స్‌లోనూ యాపిల్ లేఅవుట్ ఉంది. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కూడా ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఉచితం. గిడుగు, గురజాడ, మండలి, రామభద్ర కూడా ఉచితమే. పాలమూరు గడ్డ మీంచి వచ్చి గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరుతో ‘సురవరం’ అనే ఫాంటూ ఉంది. మెనూలు కూడా తెలుగులో కావాలనుకునేవాళ్ల కోసం హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ 2005 నుంచి లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేపట్టింది. శుభలేఖలకు పనికొచ్చే సోకు అక్షరాలు అను ఫాంట్లలో ఉన్నన్ని యూనికోడ్‌లో లేకపోవడం నిజమే. అందుకని పాత కంప్యూటర్ ఇంకొకటుంటే ఇంటర్నెట్ తీసేసి, ఆ పనికే ఉంచుకోవచ్చు. ఒకటే ఉంటే విండోస్ పక్కనే లినక్స్ కూడా వేసుకోవచ్చు.

కందూరు చోడులు రాజధానిగా చేసుకుని ఏలిన ఊరు పానగల్. అక్కడి మ్యూజియంలో శిల్పాలతోపాటు శాసనాలూ ఉన్నాయి. ఆ లిపి నేర్చినవాళ్లకు రాయి ముందు నిలబడితే చాలు, శతాబ్దాల కిందటి మాట చదివేస్తారు. ఇరవై ఏళ్ల కిందట మనం కంపోజ్ చేసిన ఊరి చరిత్రను చదవాలంటే ఫలానా సాఫ్ట్‌వేర్, ఫలానా ఫాంటు, అవి నడిచే ఫలానా విండోస్ అన్నీ ఉండాలి. మీ ఇంట్లో, మీ వీధి చివరి డీటీపీ సెంటర్లో అలాంటి ఫైళ్లుంటే ఈ ఆదివారమే ఒకటి తెరిచి చూడండి. తెరుచుకుంటే వెంటనే పని మొదలుపెట్టండి.